నీళ్లపాలైన ఊరి తలుపులు

మొన్న ముక్త్యాలకి ఎగువనున్న జలాశయంలో పడవ షికారుకెళ్లాను. తడిసిన చెక్క వాసన తగలగానే, ఆ నీళ్ల కిందున్న మా ఊరు గుర్తొచ్చింది.

ఊరు ఖాళీ చేసిన రోజు నాన్న మా ఇంటి తలుపులు ఊడదీసి ట్రాక్టరుకెక్కిస్తుంటే ఏడ్చాను.

"తలుపుల్లేకపోతే నీళ్లు లోపలికొచ్చేస్తాయి కదా నాయనమ్మా!"

నాయనమ్మ ఎప్పటిలాగే గడపకి పసుపు రాసి, వాకిట్లో ముగ్గేస్తోంది.

"రానీలేమ్మా. ఎవరొచ్చినా మనం తలుపెప్పుడేశాం గనక!" అంది.

ఆ ఊరి జనం తలోదిక్కూ పోయారు. ఆ తలుపులిప్పుడు జగ్గయ్యపేటలో నేనొక్కదాన్నే ఉండే ఇంటికున్నాయి. షికారు నుంచి వచ్చాక వాటిని బార్లా తీసి, పొద్దుగూకేదాకా కూర్చున్నాను. సిమెంటు లారీల దుమ్ము తప్ప ఎవరూ లోపలికి రాలేదు.