ఆ రోజు మా వీధిలో కరెంటు లేదు

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక చీరాల నుంచి ఎవరో ఫోన్ చేశారు. మా ఇంట్లో తిక్‌నెస్ మిషన్ ఒకటి ఖాళీగా పడి ఉందని తెలిసిందట, అమ్మే ఉద్దేశం ఉందా అని అడిగాడు ఆ అబ్బాయి. మాట మర్యాదగానే ఉంది. మోటారు ఎలా ఉందంటే, ఎదురుగా పడక్కుర్చీలో ఉన్న మా ఆయన్ని కనుక్కుని బాగుందని చెప్పాను. బ్లేడ్లు ఎలా ఉన్నాయంటే అవీ బాగున్నాయన్నాను. "అన్నీ బాగుంటే మరి ఎందుకు వాడట్లేదండి?" అన్నాడు. పాత సామాను కొనేవాడు అడగవలసిన ప్రశ్నే, తప్పేం లేదు. కాని ఆ మాట ఫోనులోంచి బయటికి వినపడి, మా ఆయన చేతిలోని పేపరు మడిచి పెరట్లోకి వెళ్లిపోయారు. మళ్లీ చేస్తానని చెప్పి నేనూ పెట్టేశాను.

తెలియనివారి కోసం చెబుతాను. తిక్‌నెస్ మిషన్ అంటే చెక్కను చిత్రిక పట్టే యంత్రం. ఎగుడుదిగుడుగా ఉన్న పలకను ఇటునుంచి అందిస్తే లోపలి రోలర్లు దాన్ని లాక్కుంటాయి, గిర్రున తిరిగే బ్లేడ్లు పైపొట్టు లేపేస్తాయి, అటునుంచి ఆ పలక మొదలు నుంచి చివరిదాకా ఒకే మందంతో నున్నగా బయటికి వస్తుంది. వడ్రంగి షాపులో ఉండవలసిన వస్తువు. బాపట్లలో రిటైరైన లెక్కల మాస్టారి పెరట్లో దానికేం పని అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఉద్యోగం అయిపోయాక మా ఆయనకు ఫోనులో వడ్రంగం వీడియోలు చూసే జబ్బు పట్టుకుంది. చూసీ చూసీ ఒక పీట చేశారు. దాని నాలుగు కాళ్లలో మూడే నేలకు ఆనేవి. దాని మీద కూర్చుని కూరలు తరుగుతుంటే ఉయ్యాల ఊగినట్టుండేది. లోపం తన చేతిలో లేదని, చెక్క మందం సమంగా లేకపోవడంలో ఉందని ఆయన లెక్క వేసి తేల్చారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నేనంటే నవ్వారే గాని, పాత మిషన్ కోసం వెతకడం మాత్రం మానలేదు.

చివరికి రేపల్లెలో దొరికింది. పడవలు కట్టే షెడ్డు అది. ఫైబరు పడవలు వచ్చాక చెక్క పడవ కట్టించేవాళ్లు తగ్గిపోయి, యజమాని షెడ్డు మూసేసుకుంటున్నాడు. తెనాలిలో రైలు మారి ఇద్దరం వెళ్లాం. నన్నెందుకు తీసుకెళ్లారో తెలియదు, పెళ్లిచూపులకు ఆడవాళ్లు కూడా ఉండాలనేమో. ఆ తతంగమూ అలాగే నడిచింది. మా ఆయన దాని చుట్టూ తిరిగి చూశారు, బల్ల మీద తుప్పును గోటితో గీకారు, బెల్టు లాగి వదిలారు, స్విచ్చి వేయించి కళ్లు మూసుకుని చప్పుడు విన్నారు. పిల్లకు కాస్త మెల్ల ఉందన్నట్టు, ఒక బేరింగు కీచుమంటోందని నా చెవిలో చెప్పారు. యజమాని అదేమీ దాచలేదు. బేరింగు మార్చుకోవలసి ఉంటుందని తనే చెప్పి, "మిషన్‌కి రోగం లేదండి మాస్టారూ. పని లేక కూర్చుంది, నాలాగే" అన్నాడు. ఆ మాటతో మా ఆయన బేరం ఆడటం కూడా మరిచిపోయారు.

ట్రాలీ ఆటోలో మా ఇంటికొచ్చాక గాని దాని బరువు మాకు తెలిసిరాలేదు. మొత్తం పోత ఇనుము. డ్రైవరు చేతులెత్తేశాడు. అప్పుడు గోడ అవతలి నుంచి బాబాయ్ వచ్చాడు. బాబాయ్ అంటే మాకు చుట్టమేమీ కాదు. వెనక వీధిలో, మా పెరటి గోడకు ఆనుకుని ఉన్న ఇంటి పెద్దాయన. వయసులో ఉండగా సూర్యలంక నుంచి సముద్రం మీదికి వేటకు వెళ్లినవాడు. మోకాళ్లు మొరాయించాక పడవ విప్పించేసి, ఆదివారం చర్చికి, మిగతా రోజులు మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. ఒడ్డున ఇసుకలో పడవను లాగినట్టే, కింద దుంగలు వేయించి, తాడు కట్టించి, కొడుకును ఒకవైపు, వీధిలో మగవాళ్లను మరోవైపు నిలబెట్టి, ఎవరి వేలూ నలగకుండా మిషన్‌ను మా రేకుల షెడ్డులో కూర్చోబెట్టాడు. మా ఆయన కూడా తాడు పట్టుకోబోతే, మీరు పక్కనుండండి మాస్టారూ అని వారించాడు.

తర్వాత కాఫీ తాగుతూ బాబాయ్ అడిగింది ఒక్కటే. పడవ విప్పించినప్పుడు మంచి చెక్కలు కొన్ని ఏరి అటక మీద దాచుకున్నాడట, తన పెట్టె కోసం. చావు పెట్టె గురించి కాఫీ తాగుతూ మాట్లాడటం నాకు ఎబ్బెట్టుగా ఉంది గాని ఆయనకేమీ లేదు. "నా రోజొచ్చినప్పుడు ఆ చెక్కలు దీంట్లో పెట్టి నున్నగా చేసివ్వాలి మాస్టారూ. జీవితమంతా గరుకు చెక్క మీద కూర్చున్నాను. పడుకునేదన్నా నున్నగా ఉండాలి కదా" అన్నాడు. మా ఆయన ఆ పెద్దాయన చేయి పట్టుకుని అలాగే బాబాయ్ అని మాటిచ్చారు.

పాత మిషన్ కొన్నవాడికి పని చేసిపెట్టే ముందు కొన్నవాడి చేత చాలా పని చేయించుకుంటుంది. బేరింగు మార్చారు. తుప్పంతా కిరోసిన్ గుడ్డతో రుద్ది రుద్ది వదిలించారు. చెక్క జారడానికి బల్ల మీద కొవ్వొత్తి మైనం పూసేవారు. దేవుడి దగ్గర దీపంలో నూనె అయిపోతే కనపడని మనిషికి బేరింగులో గ్రీజు తగ్గితే ఇట్టే కనపడేది. బ్లేడ్లు సాన పట్టించడానికి తెనాలి వెళ్లాలి. వాటిని మెత్తటి తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని పాసింజరులో వెళ్లొచ్చేవారు. వచ్చాక మూడు బ్లేడ్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించేసరికి ఒక పూట పోయేది. మిషన్ నడిచినంతసేపూ మా వీధిలో లైట్లు గుడ్డిగా వెలిగేవి, సీరియల్ చూసే ఆడవాళ్లు నన్ను కూరల బండి దగ్గర నిలదీసేవారు. అయినా టేకు చెక్క పెట్టిన రోజు పెరడంతా కమ్మటి వాసన వేసేదని ఒప్పుకోవాలి. పొట్టు బస్తాలకెత్తి గోడ మీంచి అందిస్తే బాబాయ్ కోళ్ల కింద పరుచుకునేవాడు.

ఒకసారి మా మరిది పాత గుమ్మం చెక్కలు తెచ్చాడు. ఒకదానిలో మేకు తల విరిగి లోపలే ఉండిపోయిందని ఎవరూ చూడలేదు. మిషన్ ఒక్క అరుపు అరిచింది. బ్లేడు మీద పడింది చిన్న గాటే, కాని అప్పటి నుంచి ఏ చెక్క పెట్టినా దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు సన్నని గీత లేచేది. మా ఆయనకు అన్నం సయించలేదు. తెనాలి వెళ్లి గాటు పోయేదాకా అరగదీయించుకొచ్చి, షెడ్డుకు బోర్డు తగిలించారు: "ఇతరుల చెక్కలు పెట్టబడవు." పెట్టబడవట అని వీధంతా నవ్వుకుంది. మరిది అయితే అలిగి, దసరాకి కూడా రాలేదు.

బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఆ బోర్డు నా చేత చదివించుకుని, పడవ చెక్కంటేనే మేకులు కదా, మరి నా చెక్కలెలా మాస్టారూ అని అడిగాడు. మేకున్న చెక్క ఎవరిదైనా ఒకటేనని మా ఆయన ఖండితంగా చెప్పేశారు. బాబాయ్ తలూపి వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు గోడ అవతల ఏదో టకటక చప్పుడు వినపడేది. కోళ్ల గూడు బాగుచేసుకుంటున్నాడేమో అనుకున్నాను.

ఆ తర్వాత వానాకాలంలో ఆయనకు ఆయాసం ఎక్కువైతే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడే రాత్రి పోయాడని, తెల్లారకముందే ఇంటికి తెచ్చారని అప్పటికి నాకు తెలియదు. ఆ పొద్దున వంటింట్లో ఇడ్లీల్లోకి అల్లం పచ్చడి చేస్తున్నాను. వాకిట్లో ఎవరో వచ్చిన అలికిడి, మా ఆయన ఏదో చెబుతున్న గొంతు వినపడ్డాయి గాని మాటలు తెలియలేదు. మిక్సీ తిప్పాను. మా మిక్సీ పాతది, తిప్పితే వీధి చివరికి వినపడుతుంది. పచ్చడి గిన్నెలోకి తీసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి బాబాయ్ కొడుకు నిలబడి ఉన్నాడు. అతని వెనక ఇద్దరు చుట్టాలు, తోపుడుబండి మీద చెక్కలు. నన్ను అక్కా అని పిలుస్తాడతను. "నాన్న పోయాడక్కా" అన్నాడు. నేను అయ్యో అనేలోపే మా ఆయన నా వైపు చూడకుండా, "అదే చెబుతున్నా. చేద్దామంటే కరెంటు లేదు" అన్నారు.

మా నెత్తి మీద వరండా ఫాను తిరుగుతోంది. చుట్టాల్లో ఒకతను తలెత్తి దాని వైపు చూశాడు. బాబాయ్ కొడుకు చూడలేదు. "అవునండి మాస్టారూ. పొద్దుట్నుంచీ లేదండి" అని తోపుడుబండి వెనక్కి తిప్పుకున్నాడు.

నోరు తెరిస్తే నలుగురిలో మొగుణ్ణి అబద్ధాలకోరును చేయాలి. తెరవలేదు. ఆ అబద్ధం ఆయన ఆడారు, నేను దానికి తలుపు చెక్కలా నిలబడ్డాను, సిగ్గు ఇద్దరికీ సమానంగానే వచ్చింది. షెడ్డులో మిషన్ పక్కన పూజా మందిరం కోసం తెప్పించిన చెక్కలున్నాయి, నేను అడగ్గా అడగ్గా మొదలుపెట్టిన పని అది. బ్లేడ్లు ముందు రోజే తెనాలి నుంచి వచ్చాయి. ఆయన మేకులకు భయపడ్డారో, దేవుడి మందిరం చెక్కలు వెళ్లే దారిన చావు పెట్టె చెక్కలు వెళ్లడానికి వెనకాడారో ఇప్పటికీ నేను అడగలేదు. ఏ జవాబు వచ్చినా వినే ధైర్యం నాకు లేదు. ఆ పూట ఇడ్లీలు ఇద్దరం ముట్టలేదు.

కాసేపటికి పెద్దాయన్ని చూడటానికి వెళ్లాం. వాకిట్లో షామియానా కింద బాబాయ్‌ని ఐసు పెట్టెలో ఉంచారు. స్తంభం నుంచి లాగిన వైరుతో దాని మోటారు నడుస్తోంది, పక్కన పెద్ద ఫాను తిరుగుతోంది. అది చూసి మా ఆయన గేటు దగ్గరే ఆగిపోయారు. పెరట్లో ఇద్దరు మనుషులు చేతి చిత్రికతో ఆ చెక్కలతో కుస్తీ పడుతున్నారు. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు తాగిన చెక్క, చేతికి లొంగడం లేదు. కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయింది పాపం. మామగారి మంచితనం చెప్పుకోవడానికే గాని మమ్మల్ని దెప్పడానికి కాదు, చెక్కల వైపు చూపించి అంది: "మేకులన్నీ మావయ్యే పీకాడు వదినా, ఎండాకాలమంతా కూర్చుని. మాస్టారి మిషన్‌కి తగలకూడదని. పిల్లల అయస్కాంతం పెట్టి మరీ చూసుకున్నాడు. ఒక్కటి కూడా లేదు."

భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన అప్పటికి లోపలికి వచ్చి సరిగ్గా నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు, విన్నారు. వెళ్లిపోదామని అంటారనుకున్నాను. అనలేదు, కూర్చోనూ లేదు.

పెట్టె సాయంత్రానికి గాని తయారవలేదు. పలకల మందం కుదరక మూత ఒక మూల లేచిపోయింది. పాస్టరుగారు వచ్చి ఎదురుచూస్తున్నారు, చీకటి పడితే కష్టం. చేసేది లేక పొడవాటి మేకులు తెప్పించి ఆ మూలను అణగగొట్టారు. బాబాయ్ ఒక్కొక్కటే పీకిన చెక్కలోకి మళ్లీ మేకులు దిగుతుంటే నేను చెవులు మూసుకున్నాను. చర్చి పెద్ద ఒకాయన, గోడ అవతలే మాస్టారి మిషన్ ఉండగా ఇంత అవస్థ ఎందుకు పడ్డారని అడిగాడు. "మాస్టారు చేస్తానన్నారండి. కరెంటు లేకపోయింది" అన్నాడు కొడుకు, నడుస్తున్న ఐసు పెట్టె మీద చెయ్యి ఆనించుకుని. అక్కడున్నవాళ్లలో ఒక్కరూ మా వైపు చూడలేదు. చూసి ఉంటేనే నయం.

ఇంటికి రాగానే మా ఆయన బోర్డు పీకి పొయ్యిలో పెట్టారు. కొన్నాళ్లకు, పోయినవారిని తలుచుకునే ఆదరణ కూడిక పెట్టుకుని, కొడుకు తనే వచ్చి మమ్మల్ని పిలిచాడు. పాటలు, ప్రార్థన అయ్యాక, పోయినాయన గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. మా ఆయన లేచారు. బతుకంతా పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పిన మనిషి కుర్చీ వీపు పట్టుకుని మొదలుపెట్టారు. మిషన్ దింపిన రోజు గురించి, తానిచ్చిన మాట గురించి చెప్పారు. "ఆ రోజు కరెంటు..." అని ఆగారు. చెప్పేస్తే బాగుండునని, చెప్పకుండా కూర్చుంటే బాగుండునని రెండూ ఒకేసారి అనిపించి నేను కొంగు నలుపుకుంటున్నాను. ఇంతలో ముందు వరసలోంచి బాబాయ్ కొడుకు లేచి నిలబడ్డాడు.

"పోయిందండి మాస్టారూ. అందరికీ తెలుసండి. మీరు కూర్చోండి" అన్నాడు.

ఆ గొంతులో కాస్త ఎత్తిపొడుపు ఉన్నా బతికిపోయేవాళ్లం. లేదు. మాస్టారు నలుగురిలో చిన్నబోకూడదన్న ఆత్రమే ఉంది. తప్పు ఒప్పుకునే దారి కూడా అలా మర్యాదగా మూసేశాడు. మా ఆయన కూర్చున్నారు. ఆ రోజు భోజనాల్లో మొదటి విస్తరి మాకే వేశారు. ఎలా మింగామో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత మా ఆయన ఎవరి చెక్కలైనా తెమ్మని వీధంతా చెప్పి చూశారు. మాస్టారికి ఎందుకండీ శ్రమ అన్నారే గాని ఎవరూ తేలేదు. మందిరం నేనే వద్దన్నాను. ఇప్పుడు మిషన్‌ను నెలనెలా తుడుస్తారు, నూనె పెడతారు, స్విచ్చి మాత్రం వేయరు. నిజంగా కరెంటు పోయిన రోజున ఒకరి మొహం ఒకరం చూసుకోం. వీధిలో ఎవరినైనా అడగండి, బాబాయ్ పోయిన రోజు కరెంటు లేదనే చెబుతారు. రోజులు గడిస్తే మరుపు వస్తుందంటారు. మా వీధివాళ్లకు అది ఆ పూటే వచ్చేసింది, మా ఇద్దరికీ ఇంకా రాలేదు.