ఉతికిన నోట్లు

మా అమ్మ నోట్లు ఉతికి ఆరేసిన రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. డాబా మీద తీగకు, తడి చీర పక్కన, క్లిప్పులు పెట్టి మరీ వరసగా ఆరేసింది. దగ్గరికి వెళ్తే గుప్పున సబ్బు వాసన.

"ఏంటమ్మా ఇది?"

"నీసు కంపు కొడతన్నాయని కొట్టోడు తీసుకోనేదే. సబ్బెట్టి ఉతికేసినాను. రేపు తీసుకుంతాడు."

అమ్మ జాలరిపేటలో చేపలమ్ముతుంది. చూపు మందగించి, ఆ నెలలోనే కత్తిపీట మీద రెండుసార్లు బొటనవేలు కోసుకుంది. కళ్లజోడు లేకపోతే చేపలు కొయ్యడం మానుకోవాల్సిందే. ద్వారకా నగర్‌లో ఒక పెద్ద కళ్లజోళ్ల కొట్టుకు నేనే తీసుకెళ్లి, అడ్వాన్సు ఫోనుతో కట్టాను. మిగతాది తన చేపల డబ్బుతో తనే కడతానని అమ్మ పంతం. జోడు తెచ్చుకోవడానికి ఒక్కతే వెళ్లింది. "క్యాష్ వద్దమ్మా" అని పంపేశారు. ఎందుకని అడగలేదు. బస్సులో పక్క సీటువాళ్లు ముక్కు మూసుకోవడం అలవాటైపోయిన మనిషి, తప్పు తన నోట్లదే అనుకుంది.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి అమ్మతో వెళ్లాను. కౌంటరు దగ్గరి అమ్మాయి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, జోడు తెచ్చి పెట్టి, చెవుల దగ్గర సరిచేసింది. అమ్మ నోట్లు తియ్యగానే ఓనరు వచ్చాడు.

"క్యాష్ తీసుకోవట్లేదు. మీ దగ్గర ఫోనుంది కదా మేడం, స్కాన్ చేసెయ్యండి. రెండు సెకన్ల పని."

రెండు సెకన్ల పనే. కొత్తిమీర కట్టకు కూడా నేను ఫోనే చూపిస్తాను. ఆ రోజు మాత్రం బ్యాగులోంచి తియ్యలేదు.

"ఈవిడ డబ్బు చెల్లదా?"

"చెల్లుతుంది. మేం తీసుకోం, అంతే. తీసుకుని తీరాలని చట్టమేం లేదు మేడం."

తరవాత నాకు తెలిసిన లాయరును అడిగాను. నోటు చెల్లుతుందని చట్టం ఉంది గానీ, వద్దన్న కొట్టువాణ్ని ఏం చెయ్యాలో సూటిగా చెప్పేది ఏదీ లేదని ఆయన కూడా నసిగాడు. అలాంటి చట్టం లేకపోతే రావాలి. పాలు, మందులు, కళ్లజోళ్లు అమ్మేవాడెవడైనా నోటు తీసుకుని తీరాలని రాయాలి. మా అమ్మ ఫోను కొని, అక్షరాలు దిద్దుకుని, పిన్ నంబర్లన్నీ బట్టీపట్టేదాకా ఆవిడ వేలు తెగుతూనే ఉండాలా?

అమ్మ నా చెయ్యి లాగింది. "పోన్లేయే, నువ్వు కట్టీ. నాను నీకిచ్చేత్తాను."

"నీ నోట్లకు నీసు వాసనేం లేదమ్మా. ఎవరు తెచ్చినా వీళ్లు తీసుకోరు."

అమ్మ ఓనరు వైపు తిరిగింది. "నావే కాదా? ఎవులవీ తీసుకోరా?"

"ఎవరివీ తీసుకోమమ్మా."

ఆ మాటతో నిన్నటి నుంచి ఆ ముఖంలో ఉన్న సిగ్గు పోయింది. నోట్లు ఒక్కొక్కటే గాజు బల్ల మీద పరిచి లేచింది. జోడు ముక్కు మీదే ఉంది.

"డబ్బులెట్టినాను. జోడు తీసుకెల్తన్నాను. దొంగతనమంతావా, పోలీసోల్ని పిలు. ఈ నోట్లు నాకొద్దని ఆల ముందర సెప్పు."

కొట్లో బేరాలన్నీ ఆగిపోయాయి. ఓనరు ఫోను చేతిలోకి తీసుకున్నాడు, కాసేపు చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీది నోట్లు దగ్గరికి లాక్కున్నాడు. నేను గెలిచాం పద అన్నట్టు తలుపు దాకా వచ్చేశాను. వెనక్కి చూస్తే అమ్మ అక్కడే నిలబడి ఉంది.

"బిల్లియ్యి పాపా," అంటోంది కౌంటరు దగ్గరి అమ్మాయితో. "నోట్లు తీసుకున్నామని సేత్తో రాసియ్యి. మా పేటలో ఇంకా నలుగురికి కళ్లు అవుపడట్లేదు. ఆలొచ్చినప్పుడు ఈ కాయితం సూపిత్తారు."

ఆ అమ్మాయి ఓనరు వైపు చూడకుండానే రాసిచ్చింది.