ఆగస్టు నెలలో స్థిర విద్యుత్తు

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక ఏప్రిల్ నెలలో, నన్ను నోయిడా నుంచి ఢిల్లీలో సాకేత్ దగ్గరి ఒక కేంద్ర ప్రభుత్వ పాఠశాలకు బదిలీ చేశారు. హోదా మారలేదు. భౌతికశాస్త్రం పీజీటీ, అంటే పదకొండు, పన్నెండు తరగతులకు బోధించే ఉపాధ్యాయుడిని. అదనంగా సైన్సు విభాగం కన్వీనరు బాధ్యత అప్పగించారు. ఆ పదవికి గది గానీ, బల్ల గానీ ఉండవు. ఒక ఎర్ర పెన్ను మాత్రం ఉంటుంది. విభాగంలోని ఉపాధ్యాయులు రాసిన పాఠ్య పథకాలను చదివి, సరిచేయించి, సంతకం చేసి ప్రిన్సిపల్ గారికి పంపడం ఆ పెన్ను పని.

పాఠ్య పథకం ఎలా తయారవుతుందో బయటివారికి తెలిసే అవకాశం తక్కువ. సంవత్సరారంభంలో ప్రాంతీయ కార్యాలయం నుంచి ‘స్ప్లిట్-అప్’ వస్తుంది. ఏ తరగతికి ఏ నెలలో ఏ పాఠం చెప్పాలో అందులో ఉంటుంది. ఉపాధ్యాయులు దాన్ని వారాలుగా, పీరియడ్లుగా విడగొట్టాలి. అందులోంచి పరీక్షలు, పండుగలు, క్రీడోత్సవాల రిహార్సళ్ళు తీసివేయాలి. మిగిలిన పీరియడ్లలో సిలబస్సును ఇమడ్చడం, నిండిన సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగడం లాంటి పని. ఆపైన ప్రతి పాఠానికీ నాలుగు గడులు నింపాలి: లక్ష్యం, కృత్యం, ఆశించిన పరిశీలన, మూల్యాంకనం.

నా తగాదా అంతా మూడో గడితోనే. నేను చేరిన వారం నా ముందుకు వచ్చిన పథకాలలో ఒకటి అక్టోబరు పాఠానికి సంబంధించినది. అందులో ‘విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు’ అని ఏప్రిల్‌లోనే రాసి ఉంది. పక్కన ఎర్రసిరాతో ‘ఎప్పుడు?’ అని రాశాను. ఇంకొకటి, ఆకులో పిండిపదార్థం ఉందో లేదో అయోడిన్‌తో తేల్చే కృత్యం. ఆకు ముదురు నీలంగా మారుతుందని రాశారు. ఏ చెట్టు ఆకు మీద చూశారని అడిగితే, పుస్తకంలో బొమ్మ ఉన్నదని సమాధానం వచ్చింది. దానితో ఒక నియమం పెట్టాను. కృత్యాన్ని స్వయంగా చేసి చూడనిదే ఆ గడి నింపరాదు. నింపినా, నా కళ్ళముందు మరోసారి చేయనిదే నేను సంతకం పెట్టను.

నియమానికి స్టాఫ్ రూములో లభించిన స్వాగతం అంత వెచ్చగా లేదు. “రావు సాబ్‌కి గుడ్ మార్నింగ్ చెప్పాలంటే ముందు కిటికీలోంచి బయటికి చూసి నిర్ధారించుకోవాలి” అని రసాయనశాస్త్రం చెప్పే సక్సేనా గారు ప్రకటించారు. అందరూ నవ్వారు. ఆయన ఆ మాట అన్నప్పుడు బయట మధ్యాహ్నమైంది కనుక, ఉదాహరణ సరిగా ఎంచుకోలేదని నేను చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నియమాన్ని మనస్ఫూర్తిగా పాటించిన వ్యక్తి ఒక్కరే, మాధవి. హన్మకొండ అమ్మాయి. సివిల్స్ కోసం జియా సరాయ్‌లో గది తీసుకుని కొన్నేళ్ళు చదివి, అది కుదరక ఉపాధ్యాయ నియామక పరీక్ష రాసి, మా బడిలో టీజీటీగా చేరింది. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేది. అప్పటికి ప్రొబేషన్ రెండో ఏట ఉంది. అంటే ఆ ఏడాది నివేదికలు బాగుంటేనే ఉద్యోగం స్థిరపడుతుంది. పిల్లలతో హిందీలో, ప్రిన్సిపల్ గారితో ఇంగ్లీషులో మాట్లాడి, నాతో మాత్రం తన ఊరి తెలుగులో మాట్లాడేది.

స్ప్లిట్-అప్‌లో ఎనిమిదో తరగతికి స్థిర విద్యుత్తు పాఠం ఆగస్టులో పడింది. పొడి జుట్టుకు రుద్దిన ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షించడం అందులోని ప్రధాన కృత్యం. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, బయట వడగాలి కొడుతుండగా, ల్యాబులో దాన్ని పరీక్షించాం. నాకు జుట్టు లేదు గనుక ఆమె జుట్టే వాడాం.

“ఇగో, సూడుండ్రి సార్! దువ్వెన ఇంకా ఆడనే ఉన్నది, కాగితాలు అప్పుడే ఎగురుతున్నయ్!”

నేను అంతటితో తృప్తిపడలేదు. దువ్వెన మార్చాం, కాగితం మార్చాం, స్కేలుతో చేశాం, బెలూన్‌తో చేశాం. గోడకు అంటుకున్న బెలూన్ మేము తలుపుకు తాళం వేసేదాకా దిగలేదు. సంతకం పెట్టాను. ఆ ఏడాది నేను అంత నిశ్చింతగా పెట్టిన సంతకం మరొకటి లేదు.

ఆగస్టులో ప్యానెల్ తనిఖీ ప్రకటించారు. ప్రాంతీయ కార్యాలయం అధికారి ఒకరు, ఇతర పాఠశాలల ప్రిన్సిపళ్ళు ఇద్దరు తరగతిలో కూర్చుని పాఠం చూస్తారు. ఆ వారానికి పథకంలో ఉన్న పాఠమే చెప్పాలి. మార్చితే పథకం అమలు కాలేదని నివేదికలోకి ఎక్కుతుంది. ప్రొబేషన్‌లో ఉన్నవారి పాఠం తప్పక చూస్తారు. మాధవికి ఆ వారం స్థిర విద్యుత్తు.

తనిఖీకి కొద్ది రోజుల ముందు ల్యాబులో రిహార్సల్ వేశాం. వర్షం అప్పుడే వెలిసింది. ఆమె దువ్వెనను జుట్టుకు రుద్ది, కాగితాల మీదికి తెచ్చింది. ఒక్క ముక్కా కదలలేదు. మళ్ళీ రుద్దింది. బెలూన్ గోడను మర్యాదకోసం ఒకసారి ముట్టుకుని కిందికి జారిపోయింది.

“ఏప్రిల్‌ల ఎగిరినయ్ గద సార్?”

“ఎగిరాయి. ఇది ఆగస్టు.”

“కాగితాలకు నెలలు తెలుస్తయా?”

“తెలుస్తాయి. తెలియనిది మనకే.”

కారణం కష్టమైనది కాదు. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు వస్తువుల ఉపరితలం మీద కంటికి కనబడని నీటి పొర ఏర్పడుతుంది. రుద్దితే పుట్టిన విద్యుదావేశం దాని గుండా జారిపోతుంది. ఇది నేను ముప్పై ఏళ్ళుగా పన్నెండో తరగతికి చెబుతున్న విషయమే. అయితే వడగాలిలో చేసిన పరీక్షను వానాకాలపు పాఠానికి రుజువుగా ఒప్పుకునేటప్పుడు అది నా ఎర్ర పెన్నుకు తట్టలేదు.

మాధవి స్టూలు మీద కూలబడింది. “ఇంకో ఏడాది ప్రొబేషన్ అంటే మా నాయన ఊకోడు సార్. మల్ల జియా సరాయ్‌కే పో, సివిల్స్ రాయి అంటడు. ఆ గదిల నేను మల్ల ఉండలేను.”

ఆ సాయంత్రం ఇంట్లో నా భార్యను జుట్టు ఒకసారి ఇవ్వమని అడిగాను. ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూసింది. “పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా జుట్టు గుర్తొచ్చిందా మీకు? అదీ దువ్వెన కోసమా?” అంది. జుట్టు ఇచ్చింది గానీ, దానికి కొబ్బరినూనె ఉంది. దువ్వెనకు ఆవేశం రాలేదు. ఆవేశమంతా ఆవిడకే వచ్చింది.

మర్నాడు సక్సేనా గారు సులువైన మార్గం చూపారు. దువ్వెనను కొంచెం తడిపితే కాగితం అంటుకుంటుంది, ప్యానెల్ వెనక బెంచీలో కూర్చుంటుంది, అంత దూరానికి తేడా తెలియదు. నేను అదీ పరీక్షించాను. కాగితం అంటుకున్న మాట నిజమే. ఎగరదు, తాకిస్తేనే అంటుతుంది.

“అంటుకుంటె సాలదా సార్?” అంది మాధవి ఆశగా.

“పిల్లలు నేర్చుకునేది తడి గురించి అవుతుంది, విద్యుత్తు గురించి కాదు” అన్నాను. ఆమె తడి దువ్వెనను కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. పెట్టిన తీరులో నా మీద గౌరవం అంతగా కనిపించలేదు.

బడి మొత్తంలో పొడిగాలి ఉండే చోటు ఒక్కటే: ప్రిన్సిపల్ గారి ఏసీ గది. ఖన్నా మేడమ్ పంజాబీ, మంచి పాలకురాలు, ఆ గదిలో కొత్తగా వేయించిన కార్పెట్ ఆవిడ కంటిపాప. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మందితో పాఠం ఆ గదిలోనే పెట్టుకుంటామని మేము విన్నవించగానే, “రావు సాబ్, చాలీస్ బచ్చే? మేరే కార్పెట్ పర్?” అని కుర్చీలోంచి లేచారు. దువ్వెన పనిచేయకపోతే నివేదికలో మాధవి పేరు లోపలెక్కడో ఉంటుందనీ, పాఠశాల పేరు అట్ట మీదే ఉంటుందనీ చెప్పాను. ఆవిడ కూర్చున్నారు. ఒక్క షరతు పెట్టారు: పిల్లలంతా బూట్లు బయట విడిచి రావాలి.

ఆ షరతు పర్యవసానాన్ని మాలో ఎవరూ ముందుగా పరీక్షించలేదు.

తనిఖీ రోజున ఉదయం గట్టిగా వాన కురిసింది. ఎనిమిదో తరగతి పిల్లలు తడిసిన మేజోళ్ళతో వచ్చి కార్పెట్ మీద కూర్చున్నారు. తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. ఏసీ ఆ మేజోళ్ళ పరిమళాన్ని ఎవరికీ తక్కువ కాకుండా గది నలుమూలలా పంచింది. ఖన్నా మేడమ్ చేతిరుమాలును జలుబు చేసినట్టుగా ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ప్యానెల్ నాయకుడు త్రిపాఠీ గారు సోఫాలో కూర్చున్నారు. ఆ వయసులోనూ నల్లటి, ఒత్తైన జుట్టు ఆయనది. అది చెదరకుండా మాటిమాటికీ చేత్తో సవరించుకుంటున్నారు. పాఠం మొదలు కాకముందే అడిగారు: “తరగతి గది ఉండగా ఇక్కడెందుకు?”

మాధవి నోరు తెరిచేలోగా ముందు వరుసలోని ఒక పాప లేచి, “సర్, క్లాస్ మేఁ హోతా హీ నహీఁ! మేడమ్‌నే బహుత్ ట్రై కియా” అని, మేడమ్ ఎంత ప్రయత్నించినా తరగతిలో జరగనే లేదన్న సత్యం చెప్పేసింది.

 ఖన్నా మేడమ్ నా వైపు చూసిన చూపులో బదిలీ ఉత్తర్వు ఉంది. మాధవి ముఖం పాలిపోయింది, ఒక్క క్షణమే. తరువాత ఆమె ఆ పాప చేతికే దువ్వెన, కాగితం ముక్కలు ఇచ్చి, “బయట చేసి చూపించు” అంది. తలుపు తెరిచారు. వరండాలో ఏమీ జరగలేదు. “లోపల ఏమవుతుంది? చేయకముందే చెప్పండి” అని మిగతావారిని అడిగింది. సగం మంది ఎగురుతాయన్నారు, సగం మంది ఎగరవన్నారు. లోపల చేశారు.

ఎగరలేదు. పాపవి రెండు జడలు, నూనె ఓడుతున్నాయి.

మాధవి పిల్లల తలలన్నీ కలయజూసింది. నూనె లేనిది, తడవనిది ఒక్కటీ కనబడలేదు. ఉదయం వానలో తన తలా తడిసింది. నాది లెక్కలోకి రాదు. ఆమె చూపు సోఫా దగ్గర ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

“సర్, మీరు జుట్టుకు నూనె రాస్తారా?” అని అడగడం విన్నాను, ఇంగ్లీషులో, చాలా వినయంగా.

“నెవర్!” అన్నారు త్రిపాఠీ గారు, గర్వంగా. లేచి, జేబులోంచి సొంత దువ్వెన తీశారు. కచ్చితంగా, అలవాటైన చేత్తో, వెనక్కి నాలుగైదుసార్లు దువ్వుకుని బల్ల మీదికి వంగారు. కాగితం ముక్కలు దువ్వెన మీదికి దూకాయి. పిల్లలు అరిచిన అరుపుకు ఆఫీసు సిబ్బంది తలుపు తీసి చూశారు. ఆయన మళ్ళీ చేశారు. పిల్లలు అడగకపోయినా మూడోసారీ చేశారు. జుట్టు, తేమ, నూనె, ఆవేశం అంటూ మాధవి పాఠాన్ని అక్కడినుంచి లాక్కుపోయింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. ఫలితం ఏసీ వల్లనా, ఆ జుట్టు వల్లనా? రెండూ ఒకేసారి మారాయి. ఇది పరీక్షకు పనికిరాదు. త్రిపాఠీ గారు కారెక్కబోతుండగా, వరండాలో మరొక్కసారి దువ్వుకోమని కోరాను. ఆయన సంతోషంగా దువ్వుకున్నారు. కాగితాలు ఎగిరాయి! అంటే ఏసీ అక్కరలేదేమో. అయితే ఆ జుట్టు అప్పటికి పీరియడ్ పొడుగునా ఏసీలో ఆరింది; అంటే అక్కర ఉందేమో. ఏసీ తగలకముందే ఆ జుట్టును పరీక్షించడానికి మరో రోజు రాగలరా అని అడుగుతుండగా, ఖన్నా మేడమ్ కారు తలుపు వేసేశారు. “రావు సాబ్, లడకీ కన్ఫర్మ్ హో జాయేగీ. అబ్ బస్!” అని, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపారు.

నిజమే, మాధవి ఉద్యోగం స్థిరపడింది. ప్రిన్సిపల్ చేంబరును బోధనకు వినియోగించిన నవీన పద్ధతిని నివేదిక మెచ్చుకుంది. నేను ప్రాంతీయ కార్యాలయానికి లేఖ రాసి, ఢిల్లీలో ఈ పాఠాన్ని చలికాలానికి మార్చమని, కారణాలు వివరించి కోరాను. సమాధానం వచ్చింది. ఈ కృత్యం ఏసీ గదిలో విజయవంతమైనట్టు ప్యానెల్ నిర్ధారించిందనీ, చలికాలంలో ఏసీలు నడపరు గనుక పాఠాన్ని ఆగస్టులోనే కొనసాగిస్తున్నామనీ అందులో ఉంది. చుట్టుపక్కల పాఠశాలల ప్రిన్సిపళ్ళు తమ కార్పెట్ల గురించి ఖన్నా మేడమ్‌కు ఫోన్లు చేశారు. ఆవిడ వాటిని నాకు బదిలీ చేశారు.

ఒక కృత్యం ‘పనిచేస్తుంది’ అన్న మాట, ఎక్కడ, ఏ నెలలో అన్నది జోడించనిదే పూర్తికాదు. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. పథకం నమూనాలో ‘ఏ నెలలో పరీక్షించారు’ అనే అయిదో గడి చేర్చాను. సక్సేనా గారు దాన్ని ‘రావు సాబ్ జుట్టు గడి’ అనేవారు.

మరుసటి ఏప్రిల్‌లో మాధవి కొత్త పథకం తెచ్చింది. ఆగస్టులో స్థిర విద్యుత్తుకు ఎదురుగా, ఆశించిన పరిశీలన గడిలో ‘కాగితం ముక్కలు కదలవు, ఎందుకో పిల్లలు చెబుతారు’ అని రాసి ఉంది. అయిదో గడిలో, నిరుడు ఆగస్టు. నేను సంతకం పెట్టలేదు. వానలు మొదలయ్యాక వరండాలో ఆమెతో మరోసారి చేయించాను. ముక్కలు కదలలేదు. అప్పుడు పెట్టాను.