సీతాకోకలు మూగిన మేత

సువార్తమ్మ చేతి మేత తింటే వట్టిపోయిన గేదె కూడా చేపుతుందని కంకిపాడు పక్కన ఆ పల్లెలో అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడితే పైకి విసుక్కునేది, లోపల పొంగిపోయేది. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే శ్రుతి ఎటు పారిపోతుందో పాస్టరుగారికే తెలియాలి. కాలవగట్టు మీద గడ్డి సంగతి అడిగితే మాత్రం పొద్దుగుంకేదాకా చెబుతుంది. ఆమెకున్నవి రెండు గేదెలు, ముసలి నల్లమ్మ, దాని కూతురు రాణి. నల్లమ్మ పాలు తగ్గిపోయాయి. చూడిదైన రాణి ఈనితేనే ఇంట్లో మళ్లీ పాడి.

మేత కోయడంలో ఆమెకు తల్లి నేర్పిన అలవాటు ఒకటుంది. వానలు వెనకబట్టే రోజుల్లో, నల్లటి రెక్కల మీద లేతనీలం మచ్చలున్న సీతాకోకచిలుకలు మందలుగా వస్తాయి. బ్లూ టైగర్ అంటారట చదువుకున్నవాళ్లు. కొండల నుంచి కొండలకు పోతూ దారిలో కాలవగట్ల మీద దిగుతాయి. కొన్నాళ్లుండి, ఒక పొద్దున చూస్తే ఒక్కటీ ఉండదు. అవి మూగిన మొక్కలో తీపి ఉంటుందని తల్లి నమ్మకం. అందుకే సువార్తమ్మ కూడా ఏటా ఆ మొక్కలు గుప్పెడు కోసి ఎండుగడ్డిలో కలిపేది. గుప్పెడే కాబట్టి ఎప్పుడూ ఏమీ కాలేదు.

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడాది ఇటు వానలకు వాముల్లో గడ్డి కుళ్లిపోయింది. మేతకు కటకటలాడుతుంటే సీతాకోకలు దిగాయి. గట్టంతా గిలిగిచ్చ మొక్కలు, కాయ ఊపితే గింజలు గలగలమనేవి. విరిగి వాడిన కొమ్మలకే సీతాకోకలు ఎక్కువగా అతుక్కున్నాయి. చెయ్యి పెట్టినా లేవలేదు. సువార్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. రోజూ మోపులు మోసింది. గేదెలు మూతి తిప్పుకుంటే తవుడు నీళ్లు చల్లి తినిపించింది.

భర్త ఆమోసుకు ఎందుకో మనసొప్పలేదు.

"వాటిని పిట్టలు ముట్టట్లేదే, చూశావా? పసులపోలిగాడు పిట్ట ఒకదాన్ని నోట పట్టి వెంటనే ఉమ్మేసింది."

"దేవుడు ఇంత సొగసిచ్చిన వాటిల్లో చెడేముంటదయ్యా? నీ పని నువ్వు చూసుకో."

కొన్నాళ్లకు సీతాకోకలు వెళ్లిపోయాయి. క్రిస్మస్ నక్షత్రాలు కట్టే రోజులకు నల్లమ్మ మేత మానేసింది, కళ్లు పచ్చబడ్డాయి, ఒకే దిక్కు చూస్తూ గోడకు తల ఆనించి నిలబడేది. పశువుల డాక్టరు హర్షవర్ధన్ వచ్చేసరికి పడిపోయింది. కొట్టం మూల మిగిలిన గిలిగిచ్చ పుల్లలు ఆయన చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇదే పెట్టారా అమ్మా?"

"సీతాకోకలు మూగినయ్యని పెట్టానండీ. తియ్యగా ఉంటదని."

"వాటికి కావాల్సింది ఇందులో విషమేనమ్మా. ఒంట్లో దాచుకుంటే పిట్టలు తినవు. మగవి ఆడవాటిని పిలిచే వాసన కూడా ఇందులోంచే చేసుకుంటాయి. గేదెకు మాత్రం కాలేయం పాడవుద్ది. తిన్నప్పుడు ఏమీ తెలియదు, నెలలు పోయాక బయటపడుద్ది."

"మందు లేదాండీ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. నల్లమ్మ మధ్యాహ్నానికి పోయింది. వెళుతూ వెళుతూ డాక్టరు రాణి దగ్గర ఆగాడు.

"ఇది కూడా తిన్నదా?"

సువార్తమ్మ సీతాకోకలు దట్టంగా మూగిన కొమ్మలన్నీ ఏరి ఏరి, చూడిదని, రాణి ముందే వేసింది. నల్లమ్మకు పెట్టింది మిగిలిన తుక్కు. ఆ సంగతి ఆమోసుకూ తెలుసు. అతను తల దించుకున్నాడు.

డాక్టరు వెళ్లిపోయాక ఆమె రాణి పక్కన కూలబడి పొట్ట మీద చెయ్యి వేసింది. లోపల దూడ కదిలింది. రాణి కళ్లు అరమూసి నెమరు వేస్తోంది. అది ఎప్పుడు ఆగిపోతుందోనని సువార్తమ్మ ఆ దవడ మీంచి చూపు తిప్పలేదు.