ఆదివారం చూసిన ఇల్లు

సహోదరులారా, సహోదరీలారా, మంగళవారం పూట అందరిచేత సెలవు పెట్టించి, మెట్రో ఒకటి, బస్సు ఒకటి ఎక్కించి ఇంత దూరం ఎందుకు రప్పించాడు ఈ మనిషి, ఆదివారం ఆరాధన అయ్యాక ఈ కొత్తింటి ప్రార్థన పెట్టుకుంటే ఏం పోయింది అని మీలో చాలామంది నా భార్యను అడిగారట. పాస్టరుగారు కూడా అడిగారు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది మన మందిరంలో నిలబడి, దేవుడు మాకు ఇల్లు చూపించాడని నేను సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు, గుర్తుందా? ఆ సాక్ష్యం తప్పు. ఈ రోజు దాన్ని మీ అందరి ముందు వెనక్కి తీసుకోవడానికి నిలబడ్డాను.

నా సంగతి మీకు తెలుసు, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, నా భార్య సుగుణ నర్సు, మాది ప్రకాశం జిల్లా, పెళ్ళయిన ఏడాదికే బెంగళూరు వచ్చేశాం. మా కెజియాకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. దానికి మూడో ఏడు వచ్చేసరికి ఆయాసం మొదలైంది. ఊళ్ళో మావాళ్ళంతా, మీకేమిటి, బెంగళూరు వాతావరణం, ఎండాకాలంలో కూడా ఫ్యాను అక్కర్లేదు అని మురిసిపోయేవారు. ఆ చల్లదనమే మా పాప పాలిట శత్రువైంది! ముసురు పట్టిందంటే ఛాతీలో పిల్లికూతలు, మంచు పడిందంటే పిల్లికూతలు. అప్పుడు మేము నగర్తపేటలో ఒక హోల్‌సేల్ దుకాణం గోడౌను మీద, మొదటి అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. పగలు కూడా లైటు వేయాల్సిందే. గోడకు చెయ్యి ఆనిస్తే తడి తగిలేది, కింద అట్టపెట్టెలు దించినప్పుడల్లా లేచే దుమ్ము మెట్లెక్కి మా ఇంట్లోకే వచ్చేది. పాప రెండు దిండ్లు పెట్టుకుని, కూర్చుని నిద్రపోవడం నేర్చుకుంది. ఆ వయసు పిల్లకు రావలసిన విద్యా అది, చెప్పండి!

అంతకుముందు నాలుగిళ్ళు మారాం. ఒక ఇల్లు చెరువు పక్కన, గాలి బాగుంటుందని వెళ్తే దోమలు, తెల్లవారితే పొగమంచు. ఇంకొకటి పడమటి గోడకు పగుళ్ళు, వాన పడితే పరుపు తడిసేది. ప్రతి ఇంటిలోనూ యజమానితో గొడవ పడ్డాను. నాకు ఓపిక తక్కువని మీకు నేను చెప్పనక్కర్లేదు, కమిటీ మీటింగుల్లో చూసే ఉంటారు. చివరికి సొంత ఇల్లు కొనాలని పట్టు పట్టాను, మా ఇద్దరి జీతాల మీద బ్యాంకు లోను కూడా కుదిరింది. కానీ అప్పటినుంచి నాకు ఇళ్ళు చూడటం ఒక జబ్బులా పట్టుకుంది. అన్నం తింటూ ఫోనులో ఇళ్ళ బొమ్మలు, బస్సులో ఇళ్ళ బొమ్మలు, మోకాళ్ళ మీద ఉండి ఒక కన్ను ఫోను మీద! సుగుణ మాట్లాడుతుంటే ఊఁ కొట్టేవాణ్ణి, ఏం చెప్పిందని అడిగితే తెలిసేది కాదు. నాకు వారానికి ఒక్క ఆదివారమే సెలవు కాబట్టి, పాస్టరుగారు ఆశీర్వాదం పలికేసరికే నా చెప్పులు నా కాళ్ళకు ఉండేవి. అటునుంచి అటే, మందిరం బట్టల్లోనే, బైబిలు సంచీతోనే ముగ్గురం బ్రోకరు చెప్పిన చోటికి పోయేవాళ్ళం.

అలా ఒక ఆదివారం పీణ్య వెనుక ఒక వీధిలో ఈ ఇంటికంటే పెద్ద ఇల్లు చూశాం. రెండు గదులు, విడిగా వంటిల్లు, తూర్పు ఎండ నేరుగా హాల్లోకి వస్తుంది. ఎదురు వరుసలో అన్నీ షెడ్లు, షట్టర్లు వేసి ఉన్నాయి. నగర్తపేటలో బతికినవాణ్ణి కదా, షట్టరు దించి ఉంటే గోడౌనే అనుకున్నాను. వీధి మొదట్లో ఒక టీ కొట్టు, అదీ మూసే ఉంది. మనిషి చప్పుడు లేదు. మా కెజియా ఆ వీధిలో ఆ చివరనుంచి ఈ చివరకు పరుగెత్తింది, పిల్లికూత లేదు! నా కళ్ళవెంట నీళ్ళు ఆగలేదు. ఆ వంటింట్లోనే మోకరించి ప్రార్థన చేశాను.

"ప్రభువా, పాపకు ఆయాసం రాని ఇల్లే నీవు మాకిచ్చే ఇల్లని నమ్ముతాను. ఇదే ఆ ఇల్లయితే ఇంకో రెండు వారాలు దానికి ఆయాసం లేకుండా ఇక్కడ నడిపించు."

మూడు ఆదివారాలు వెళ్ళాం సహోదరులారా, మూడు ఆదివారాలూ పాప ఆడుకుంది, పరుగెత్తింది, పాటలు పాడింది. నా మనసుకు ఎంత సమాధానమో, ఎంత నెమ్మదో చెప్పలేను. ఆ ఊపులోనే మీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పేశాను. సుగుణ మాత్రం ఆ రోజు ఇంటికి వెళ్ళేదారిలో, ఒక పని రోజు కూడా వెళ్ళి చూద్దామండీ, నేను డ్యూటీ మార్చుకుంటాను అంది. నేను విన్నానా? దేవుడు మూడుసార్లు చూపించాక నీకింకా అనుమానమా, ఇది అవిశ్వాసం కాదా అని బస్సులో పదిమంది ముందు గద్దించాను.

నాలుగో ఆదివారం పాప తన పఫ్ మందు, అదే ఆయాసం వచ్చినప్పుడు నోట్లో పెట్టుకుని పీల్చే నీలం రంగు డబ్బా, ఆ వంటగట్టు మీద మర్చిపోయి వచ్చింది. ఇంటికొచ్చాక తెలిసింది. వేరే ఎవరైనా అయితే కంగారు పడతారు, నేను ఎగిరి గంతేశాను. చూశావా, ఆ ఇంట్లో దానికి ఆ మందు అవసరమే లేదని దేవుడు మర్చిపోయేలా చేశాడు అన్నాను! మర్నాడు సోమవారం అగ్రిమెంటు, నేను సెలవు పెట్టాను, పాపకు బడి లేదు. ఇంట్లో ఇంకో డబ్బా ఉంది, అది తీసుకెళ్ళండి అని సుగుణ డ్యూటీకి వెళ్తూ రెండుసార్లు చెప్పింది. అక్కడ ఒకటి ఉంది కదా, రెండెందుకు అని నేను దాన్ని బల్ల మీదే వదిలేసి పాపను తీసుకుని బయలుదేరాను.

బ్రోకరు పదకొండింటికి తాళం తెస్తానన్నాడు. నా తొందర మీకు తెలుసు, పదింటికే ఆ వీధిలో ఉన్నాను. వీధి మలుపు తిరిగాను. ఆ షట్టర్లన్నీ పైకి లేచి ఉన్నాయి! ఒక షెడ్డులో ఇనుము కోస్తున్నారు, ఒక దాంట్లో రాపిడి మిషను నిప్పురవ్వలు చిమ్ముతోంది, మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉన్నదాంట్లో ఇనప సామాన్లకు ఏదో పూత పూస్తున్నారు, ఆ ఘాటు గొంతులోకి దిగి కూర్చుంది. ఆదివారం అంత పచ్చగా కనబడిన చెట్టు ఆకుల మీద బూడిదరంగు పొడి. ల్యాబులో రోజంతా సీసాల మీద పేర్లు చదివే నేను, ఆ షెడ్ల మీద బోర్డులు నాలుగు వారాల్లో ఒక్కసారి చదవలేదు.

పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. భుజాలు పైకి లేస్తున్నాయి, ఆయాసం వచ్చే ముందు అలాగే లేస్తాయి. డాడీ, పఫ్ అంది. ఆ ఒక్క మాట అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంది. ఎత్తుకుని ఇంటి దగ్గరికి పరుగెత్తాను, తలుపుకు తాళం! వంటింటి కిటికీ రెక్క తెరిచే ఉంది, కానీ ఇనుప గ్రిల్లు. ఆ నీలం డబ్బా వంటగట్టు అవతలి చివర కనబడుతూనే ఉంది సహోదరులారా, భుజం దాకా చెయ్యి దూర్చినా అందలేదు! బ్రోకరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. పాప మెట్టు మీద కూర్చుని ముందుకు వంగిపోయింది, పెదవుల రంగు మారుతోంది. అప్పుడు నేను చేసిన ప్రార్థన మీరు విని ఉండరు, ఏ పాటల పుస్తకంలోనూ లేదు. "ప్రభువా, ఇల్లు వద్దు. ఇల్లు వద్దు. ఇల్లు వద్దు." అంతే, అదే మాట.

ఆదివారాలు మూసి ఉన్న ఆ టీ కొట్టులోంచి ఒక పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. మునెమ్మ ఆమె పేరు, తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. నేను కిటికీలోకి చూపించాను, ఆమెకు అర్థమైంది, వెనక్కి వెళ్ళి బూజు కర్ర తెచ్చింది. గ్రిల్లులోంచి దాన్ని దూర్చి, ఆ డబ్బాను గట్టు మీద జానెడు జానెడు లాక్కుంటూ వచ్చింది. ఒకసారి గట్టు అంచుకు వచ్చి పడబోయింది, నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి డబ్బా కిటికీ దగ్గర ఉంది, మునెమ్మ పాపను ఎత్తి పట్టుకుంది, పాప తన చిన్న చేతిని గ్రిల్లులో దూర్చి తనే తీసుకుంది. రెండు పఫ్‌లు. కాసేపటికి మళ్ళీ రెండు. దాని భుజాలు దిగాయి. దేవునికే మహిమ!

మునెమ్మ మమ్మల్ని వీధి బయటికి, గాలి తగిలే చోటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. నేను ఆ ఇల్లు కొనబోతున్నానని, నాలుగు వారాలుగా చూస్తున్నానని చెప్తే ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆదివారం మిషన్లు నిలిపేస్తారప్పా. నేనూ అంగడి తియ్యను. ఆ ఒక్క దినం చూసి ఇల్లు తీసుకుంటే, మిగతా ఆరు దినాలు ఈ బిడ్డ యాడ ఊపిరి తీసుకుంటాది?"

నేను దేవుని సమాధానం అనుకున్నది ఫ్యాక్టరీల వారపు సెలవు! అగ్రిమెంటుకు వెళ్ళలేదు, ఇంటికి వచ్చేశాను. తర్వాత నా పరిస్థితి ఏం చెప్పను, మూడు వారాలు మందిరానికి రాలేదు, ఊళ్ళో లేమని చెప్పించాను, అది అబద్ధం. వచ్చాక వెనుక వరుసలో కూర్చుంటే, కొత్తింటి ప్రార్థన ఎప్పుడు బ్రదర్ అని మీరు ప్రేమగా అడిగేవారు, నాకు ముల్లులా గుచ్చుకునేది. నిద్ర లేదు, తిండి లేదు, గదిలో అటూ ఇటూ తిరగడమే. దేవుడి మీద కోపం కూడా వచ్చింది, దాచను. గుర్తు అడిగితే ఇచ్చి, నమ్మాక ఇలా చేస్తాడా అని ఒక సాయంత్రం సుగుణ ముందు అరిచాను. తను బట్టలు మడతపెడుతోంది. మడత ఆపలేదు.

"ఆయన జవాబు చెప్పాడు కదండీ. మునెమ్మ చేత చెప్పించాడు. అంతకుముందు నాచేతా చెప్పించాడు, మీరే వినలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట మొదటిసారి ఫోను ఆపేసి, నా భార్య పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టాను. చాలాసేపటి తర్వాత ప్రార్థన చేశాను. "ప్రభువా, ఇక గుర్తులు అడగను. కళ్ళిచ్చావు, ముక్కిచ్చావు, సుగుణనిచ్చావు. వాటిని వాడుకునే బుద్ధి ఇయ్యి, చాలు." ఆ రోజు నుంచి ఇళ్ళ జబ్బు వదలడం మొదలైంది. ఒక్కరోజులో వదిలిందని చెప్తే మళ్ళీ తప్పుడు సాక్ష్యం అవుతుంది, నెమ్మదిగా వదిలింది.

కనకపుర రోడ్డు వైపున్న ఈ ఇంటిని సుగుణ చూసి పెట్టింది. సోమవారం పొద్దున వచ్చాం, గురువారం మధ్యాహ్నం వచ్చాం, జోరువానలో ఒక సాయంత్రం గొడుగు వేసుకొచ్చి నీళ్ళు ఎటు పారుతున్నాయో, ఏ గోడ తడుస్తోందో చూశాం. చలికాలం మొత్తం ఆగి, మంచు పడిన పొద్దున ఈ గదిలోకి ఎండ ఎన్నింటికి వస్తుందో చూశాం. పక్కవాళ్ళను అడిగాం, మూల మీద టీ కొట్టులో కూర్చుని ఎవరు ఏం పని చేస్తారో కనుక్కున్నాం. నా అంత తొందర మనిషి ఒక ఇంటికోసం ఏడు నెలలు ఆగాడంటే, సహోదరులారా, అంతకంటే అద్భుతం నేను చూడలేదు! ఇది చిన్న ఇల్లు, నా డ్యూటీకి దూరం, ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకరు పిలవాలి. పాపకు ఆయాసం పూర్తిగా పోలేదు, కానీ మేము ఈ ఇంట్లోకి వచ్చి ఆరు వారాలైంది, రెండుసార్లే వచ్చింది. ఇప్పుడు ఒక్క దిండు మీద, వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. నేను వెళ్ళి ఊరికే చూసి వస్తుంటాను.

అందుకే మంగళవారం పిలిచాను. మీరు కూడా పని రోజున ఈ ఇంటిని చూడాలి. పాస్టరుగారు ప్రార్థన చేసే ముందు ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండి వినండి, బస్సు పోతోంది, ఎవరింట్లోనో కుక్కరు కూస్తోంది, బడి పిల్లలు అరుస్తున్నారు. వినబడేదంతా ఇదే, దాచిందేమీ లేదు. మీలో ఎవరైనా ఇంటికోసమో, ఉద్యోగం కోసమో, పిల్ల పెళ్ళికోసమో నాలాగే నిలవలేక తిరుగుతుంటే, గుర్తుల కోసం ఆకాశం వైపు చూస్తుంటే, దయచేసి ఆగండి. ఆదివారం మీరు ఆరాధించే దేవుడు సోమవారం షట్టర్లు లేచినప్పుడు కూడా దేవుడే, ఆయన్ని నమ్మండి, ఆయన మీ పక్కన పెట్టిన మనిషి మాట వినండి. నేను వినలేదు, నా బిడ్డను కోల్పోయేవాణ్ణి.

చివరగా, ఆ రోజు బస్సులో పదిమంది ముందు నా భార్యను అవిశ్వాసి అన్నాను. ఈ రోజు మీరు నలభైమంది ఉన్నారు. సుగుణా, నన్ను క్షమించు. అవిశ్వాసం నాది. ఇప్పుడు ఆ కిటికీలన్నీ నువ్వే తెరువు, పాప పాట పాడుతుంది, ఊపిరి పట్టి పాడే పెద్ద పాటే ఎంచుకుంది.