బాలకిష్టయ్య బిగించిన పాటల డబ్బా

గద్వాలలో బాలకిష్టయ్య చేతుల సంగతి తెలిసినవాళ్లు ఆయన్ను ఊరికే కూర్చోబెట్టరు. చుట్టరికానికి పోయినా ఆ చేతులు ముందు కుర్చీ కాలు కదుపుతాయి, తర్వాత తలుపు గడియ గీరుకుంటున్నదేమో చూస్తాయి. ఇంటామె చాయ్ తెచ్చేలోపు ఏదో ఒకటి విప్పి నేల మీద పరిచేస్తాయి. మళ్లీ బిగిస్తాయి కూడా. అదీ చెప్పుకోవాలి. ఇంట్లో ఫ్యాను, కుట్టుమిషను, కూలరు అన్నీ ఆయన చేతుల మీదుగా పోయి వచ్చినవే. "మనిషి బిగించిందే గదా, మనిషి ఇప్పలేడా?" అంటాడు.

వృత్తి నేత. పెద్దంచు పట్టుచీరకు మగ్గం మీద ఒక మనిషి చాలడు. బాలకిష్టయ్య గుంతలో దిగి నేస్తుంటే, కుడి చివరన ఆయన భార్య పెంటమ్మ కూర్చొని అంచు పోగును అడ్డంగా తీసుకుపోయే నాడె విసిరేది. పెళ్లయిన కొత్తలో మొదలైన పని అది. గూట్లో రేడియో మోగుతుండేది, మగ్గం కొట్టుకుంటుండేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు, మాట్లాడుకోవాల్సిన అవసరమూ రాలేదు.

తర్వాత పెంటమ్మ మోకాళ్లు వాచినయి. కింద కూర్చుంటే లేవలేదు, లేస్తే నడవలేదు. మగ్గం చివర ఇప్పుడు వాళ్ల మేనకోడలు రోజా కూర్చుంటున్నది. వనపర్తిలో మోకాళ్లకు కసరత్తు చేయించే దవాఖానకు ప్రతి బేస్తవారం రావాలన్నారు డాక్టర్లు, మధ్యలో మానొద్దన్నారు. బస్సు మెట్లెక్కడం ఆమె వల్ల కాదు. అందుకని నాగర్‌కర్నూల్‌లో ఉండే కొడుకు దినేష్, తను కొత్తది కొనుక్కుంటూ పాత కారును తండ్రికి ఇచ్చిపోయాడు. పాటల డబ్బా ఉండాల్సిన చోట ఆ కారులో ఉత్త బొక్క ఉన్నది.

మొదటి ప్రయాణంలో పెంటమ్మ తలుపు మీది పిడి పట్టుకొని వనపర్తి దాకా వదల్లేదు. రెండోసారి కూడా అంతే. ఇంటికొచ్చినంక తేల్చి చెప్పింది.

"నేను రానయ్యా ఇంక."

"ఎందుకే? బస్సు కన్న మంచిగ లేదా?"

"బస్సుల నలుగురు మాట్లాడుతరు. దీంట్ల నువ్వు రోడ్డు సూస్తవు, నేను నిన్ను సూస్త. పెట్టెల ఏసి మూత పెట్టినట్టున్నది. మోకాళ్లు గిట్లనే ఉండనియ్యి."

అప్పుడే బాలకిష్టయ్యకు రేడియో గుర్తుకొచ్చింది. కారులో పాట మోగితే ఆమె వస్తుంది. వస్తేనే కసరత్తు. కసరత్తు చేస్తేనే నడక.

రాయచూరు రోడ్డు మీద కార్ల కరెంటు పని చేసే యూనుస్ ఆయనకు పాత దోస్తు. సంగతి చెబితే యూనుస్ అన్నాడు, "తీస్కరా కిష్టన్నా, ఒక పూట పని. నువ్వు చాయ్ తాగుకుంట కూసో. చెయ్యి మాత్రం పెట్టకు."

ఆ చివరి మాట దగ్గరే చెడింది. యూనుస్ అడిగే కూలికి బాలకిష్టయ్య ఎన్నడూ వెనకాడేవాడు కాదు. చీర బేరం చేసేవాళ్లను చూసి చూసి, ఒకరి కష్టానికి బేరం చేయడమంటేనే ఆయనకు రోత. కానీ తన బండి, తన కళ్ల ముందు ఇంకొకరు విప్పుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చోవడమా? "నేనే సూస్త తీ భాయ్" అని వచ్చేశాడు.

బజారులో డబ్బా కొన్నాడు. కారులో ఉన్న పాత స్పీకర్లు రెండూ చచ్చిపోయినవే. కొత్తది ఒకటే కొని, పెంటమ్మ కూర్చునే ఎడమ తలుపుకు బిగించాడు. వినేది ఆమె కదా, ఆమె చెవి పక్కనే ఉండాలి. తర్వాత డబ్బా వెనక తీగల గుత్తి, కారు లోపలి తీగల గుత్తి ఎదురెదురుగా పెట్టుకొని చూశాడు. ఆయనకు నవ్వొచ్చింది. ఇది తెలిసిన పనే!

మగ్గం మీద పడుగు అయిపోవస్తే, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే అతుకుతారు. వేళ్లకు బూడిద రాసుకొని మెలి తిప్పితే చాలు, ముడి కూడా పడదు. ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు. రంగు తప్పితే చీర తప్పినట్టే. బాలకిష్టయ్య అలాగే అతికాడు. నలుపుకు నలుపు దొరికింది, పసుపుకు పసుపు దొరికింది. ఎరుపుకు మాత్రం అచ్చ ఎరుపు దొరకలేదు, ఎరుపు మీద పసుపు గీత ఉన్నదొకటి కనబడింది. 'అంచు పోగు' అనుకొని దాన్నే కలిపాడు.

తాళం తిప్పితే చప్పుడు లేదు. వంగి చూడబోయి, చీకటిగా ఉందని లైట్ల మీట తిప్పాడు. పాట మోగింది! లైట్లు ఆర్పితే ఆగిపోయింది. మళ్లీ వేస్తే మోగింది. బాలకిష్టయ్య కాసేపు గడ్డం గోక్కొని, ప్రతి బండికీ ఒక గుణం ఉంటుందిలే అని సమాధానపడ్డాడు.

బేస్తవారం పట్టపగలు ముందు లైట్లు వేసుకొని కారు వనపర్తి దారి పట్టింది. ఎర్రవల్లి దాటినప్పటి నుంచి ఎదురొచ్చే ప్రతి వాడూ చెయ్యెత్తి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ సైగ చేస్తున్నాడు. లైట్లు వెలుగుతున్నాయి, ఆర్పుకో అని.

"ఏందయ్యా, ఇంతమందికి నువ్వు ఎర్కనా?" అన్నది పెంటమ్మ.

"మరేమనుకున్నవ్? గద్వాల చీరలు నేసెటోడు పోతుండని."

"అబ్బో!" అన్నది గానీ, కృష్ణ వంతెన మీద ఒక లారీ డ్రైవరు చెయ్యి ఆడిస్తే తనూ కిటికీలోంచి చెయ్యి ఊపింది. పెబ్బేరు చేరేసరికి రెండు బస్సులకూ ఒక పెళ్లి జీపుకూ ఊపింది. పిడి ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలియదు. బాలకిష్టయ్య మాత్రం చూశాడు.

కసరత్తు అయ్యాక ఆమెను కారులో కూర్చోబెట్టి, పాట పెట్టి, మందులకు పోయాడు. మందుల దుకాణం ముందు మంది చాలా ఉన్నారు. తిరిగొచ్చేసరికి పాట ఆగిపోయి ఉంది. తాళం తిప్పితే టిక్కుమన్నది, అంతే. ఇంజను ఆగిన బండికి లైట్లు వేసి పోతే బ్యాటరీ ఉంటుందా?

దారినపోయేవాళ్లు నెట్టారు. బండి బరువు తగ్గాలని పెంటమ్మను దింపారు. ఆమె ఎండలో కరెంటు స్తంభం పట్టుకొని నిలబడ్డది. బండి దగ్గింది గానీ లేవలేదు. ఎవరో మెకానిక్కును పిలుస్తామన్నారు.

"నేను బస్సుకు పోత" అన్నది పెంటమ్మ.

"జర ఆగు, ఇప్పుడే అయితది."

ఆగలేదు. బస్సులోకి కండక్టరు చెయ్యి పట్టి ఎక్కించుకున్నాడు. బండి బాగైనంక బాలకిష్టయ్య ఒక్కడే ఇంటికొచ్చాడు, లైట్లు ఆర్పేసుకొని. ఎదురొచ్చినవాళ్లెవరూ ఆయనవైపు చూడలేదు.

ఇంట్లో పెంటమ్మ వాచిన మోకాలికి తడిగుడ్డ చుట్టుకొని కూర్చున్నది. కోపం లేదు. కోపం లేకపోవడమే ఆయన్ను భయపెట్టింది. "కారు వద్దు, దవాఖాన వద్దు. నడిచినంత నడుస్త, లేకుంటే కూసుంట" అన్నది.

మర్నాడు పొద్దున్నే కారు యూనుస్ దుకాణం ముందు ఆగింది. యూనుస్ డబ్బా బయటికి లాగి తీగలు ఒక్కొక్కటే వేళ్లతో తడిమి చూశాడు.

"తిట్టరాదు భాయ్" అన్నాడు బాలకిష్టయ్య.

"తిట్టుడెందుకు? అతుకు నాకన్న సన్నగున్నది. టేపు సుట్టలేదు గానీ, నీ మగ్గం పన్నె సందులకెల్లి కూడ దూరిపోతది. కాని ఎవర్ని ఎవరికి అతికినవ్ అన్నా?"

"రంగుకు రంగే గద!"

"నీ మగ్గం మీద రంగంటే పోగు పేరు. దీంట్ల రంగు పైన తొడుక్కున్న అంగి. లోపట ఏం పారుతుందో తీగనే అడగాలె." యూనుస్ చిన్న బల్బున్న సూదిని గీత తీగకు తగిలించి లైట్ల మీట తిప్పాడు. బల్బు వెలిగింది. "సూడు, లైట్ల తీగ. అందుకే దీపం పెడితే పాడుతున్నది నీ డబ్బా."

బాలకిష్టయ్య ముందుకు వంగాడు. చేతులు మోకాళ్ల మీద ఉండలేక కదులుతున్నాయి. యూనుస్ అది చూసి పక్కకు జరిగాడు. "రా. ఏది దేనికో నేను చెప్త, అతుకు నువ్వు పెట్టు."

అట్లా సగం పని అయింది. అప్పుడు యూనుస్ అడిగాడు, "పాట వినేదెవరు?"

"మీ వదినె."

"మరి ఆమెను తీస్కరా. వినెటోళ్లు సీట్ల కూసోకుంట సౌండు ఎట్ల సరిజేస్త?"

బాలకిష్టయ్య ఇంటికి పోయి చెబితే పెంటమ్మ విచిత్రంగా చూసింది. "నాకు తీగలు తెల్వయి గదయ్యా."

"తీగలు కాదు, నీ చెవులు కావాల్నంట. నువ్వు లేకుంటే పని కాదంట."

తన వల్ల అయ్యే పని ఉన్నదని ఆమెతో ఎవరూ అనక చాలా కాలమైంది. వచ్చింది. కానీ ఆటోలో వచ్చింది. ఆగి ఉన్న కారులో ఒక కాలు బయటే పెట్టి కూర్చున్నది.

యూనుస్ పాట పెట్టాడు. "ఎట్లున్నది వదినా?"

పెంటమ్మ భర్త వైపు ఒకసారి చూసి, "సగం సగం వినొస్తది" అన్నది. "ఈ ఎడమ చెవి పని చెయ్యది గదా."

"ఎప్పటిసంది?" అన్నాడు బాలకిష్టయ్య.

"ఎప్పటిసందో. మగ్గం దిక్కున్న చెవి."

"మరి మొన్న చెప్పకపోతివి?"

"నేల మీద కూసోని పొద్దంత బిగిస్తివి. ఏమని చెప్పాలె? మంచిగున్నదంటి."

బాలకిష్టయ్య దుకాణంలోకి పోయి ఇంకో స్పీకరు తనే తెచ్చి యూనుస్ చేతిలో పెట్టాడు. యూనుస్ దాన్ని కుడి తలుపుకు బిగించి, మీటలు తిప్పడం మొదలుపెట్టాడు. పెంటమ్మ వదల్లేదు. మనిషి గొంతు ముందుకు రావాలన్నది, డప్పులు వెనక్కి పోవాలన్నది. "అంత కాదు. జర తగ్గించు. ఆ... లే, మళ్ల పోయింది." జరీ చుట్టిన కండె వన్నె నచ్చక వెనక్కి పంపేటప్పుడు ఆమె గొంతు ఇట్లాగే ఉండేది. యూనుస్ చెమట తుడుచుకున్నాడు. "వదినా, కలెక్టరు బండికి కూడ ఇంత చెయ్యలేదు నేను."

"కలెక్టరుకేం తెలుసు పాట సంగతి!"

ఎప్పుడో ఆమె రెండో కాలు కూడా లోపలికి వచ్చింది. చాలాసేపు విని, తలుపు వేసుకున్నది.

"నిలబడ్డ బండిల వింటే ఏమెర్క? నడుస్తుంటే ఎట్లుంటదో సూడాలె. నడువయ్యా."

బాలకిష్టయ్య తాళం తిప్పాడు. లైట్లు లేకుండానే పాట మోగింది. కారు రాయచూరు రోడ్డెక్కింది. ఆయన అలవాటుగా డబ్బా మీట దగ్గరికి చెయ్యి చాపబోతే పెంటమ్మ ఆ చెయ్యి పక్కకు తోసింది.

"దాని సంగతి నేను సూస్త. బేస్తవారం జర పొద్దుగాల బయలెల్దాం, నిన్న ఎండైంది."

వెనక రోడ్డు మీద స్క్రూడ్రైవరు పట్టుకొని యూనుస్ పరుగెత్తుతున్నాడు. "ఆగన్నా! డబ్బా ఇంక బిగియ్యలే! ఊడి వదినె ఒళ్లె పడ్తది!"

"పిలుస్తుండు" అన్నది పెంటమ్మ.

"తిరిగొస్తం గద" అన్నాడు బాలకిష్టయ్య.

ఆమె డబ్బాను ఒక చేత్తో అదిమి పట్టుకొని, పాట వింటూ కూర్చున్నది.