లెక్కలయ్యాకే కబడ్డీ

తాండూరు సర్కారు హైస్కూలు డ్రిల్ మాస్టరు అనంతయ్యకు ఆ ఏడు మైదానంలో సున్నం గీతలు వేసే ఓపిక కూడా లేకపోయింది. ఆటల షీల్డు చేజారాక ఎక్కణ్నుంచి వస్తుంది పాపం! ఉర్దూ పోయి తెలుగు చదువు వచ్చినప్పటి నుంచి ఆ బడిలో లెక్కల సారు ఒక్కడూ కుదురుగా నిలిచిన పాపాన పోలేదు. మెట్రిక్ ఫలితాలు వచ్చాయంటే ఊళ్లో పేరంతా సేట్లు పెట్టిన ప్రైవేటు బడిదే. వికారాబాదులో ఆటల పోటీలయ్యాక షీల్డు మాత్రం రైలెక్కి సర్కారు బడికి వచ్చేది. అనంతయ్య బతుక్కి ఆ షీల్డొక్కటే ఆసరా.

ఆయనకో పిచ్చి పట్టింపు ఉండేది. ఇంట్లో చేసిన లెక్కలు చూపించందే ఎవరినీ గీత దాటి ఆటలోకి రానిచ్చేవాడు కాదు. ఆ లెక్కలు ఆయనకు అర్థమై చచ్చేవి కావు. తప్పో ఒప్పో పక్కనున్న మరో పిల్లవాడిచేత చెప్పించేవాడు. కబడ్డీ పిచ్చి ఉన్న పిల్లలు ఒకరినొకరు బతిమాలుకుని మరీ లెక్కలు నేర్చుకునేవారు.

వాళ్లలో కిష్టప్ప అందరికంటే గట్టివాడు. గొర్రెలు కాసే బీరన్న కొడుకు. కూతకు పోయాడంటే ఎదుటి జట్టుకు చెమటలే. మెట్రిక్ ఏడాది ప్రైవేటు బడివాళ్లు ఫీజు వద్దు, పంపమని బీరన్న ఇంటికే వచ్చారు. బీరన్న ఎటూ తేల్చుకోలేక అనంతయ్యను అడిగాడు. పిల్లవాడు పోతే షీల్డు పోతుందని అనంతయ్యకు తెలియదా? అయినా మనసు చంపుకుని చెప్పాడు.

"పంపు బీరన్నా. ఆడ లెక్కల సారు ఉన్నడు. పోరడు పాసైతడు."

షీల్డు సేట్ల బడికి పోయింది. హెడ్మాస్టరు అందరి ముందూ అనంతయ్యను నానా మాటలూ అన్నాడు. పోనీలే, పిల్లవాడు గట్టెక్కుతాడు కదా అని ఆయన నోరు మూసుకున్నాడు.

తీరా ఫలితాలొస్తే కిష్టప్ప తప్పాడు, అదీ లెక్కల్లో. మర్నాడు బీరన్న కొడుకును వెంటబెట్టుకుని మైదానానికి వచ్చాడు.

"నువ్వు చెప్తెనే పంపిన సారూ," అన్నాడు. కోపం లేదు. అదే అనంతయ్యను కోసేసింది.

సారు లెక్కలు చెప్పలేదా అని ఆయన కిష్టప్పను అడిగాడు.

"నన్ను క్లాసుల కూసోనిస్తె గద సారూ. షీల్డు తెస్తె చాలన్నరు. పొద్దంత గ్రౌండ్లనే ఉన్న."

అనంతయ్య అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. అన్నీ ఉన్న బడి అనుకున్నాడు కానీ, గీత దగ్గర ఆపి లెక్కలేవిరా అని అడిగేవాడు అక్కడ ఉండడని ఆయనకు తట్టనే లేదు. ఇదంతా తన చేతులారా చేసిందే.

రేపు మందను బషీరాబాద్ వైపు తోలుకుపోతున్నామని, ఇక కిష్టప్ప కూడా గొర్రెల వెంటే ఉంటాడని బీరన్న చెప్పాడు.

"మందకాడనే లెక్కలు చెయ్యిరా. ఐతారం ఐతారం నేనొచ్చి చూస్త. మల్ల పరీక్ష రాద్దువు," అన్నాడు అనంతయ్య.

కిష్టప్ప తలెత్తలేదు. "మీకు లెక్కలు రావు గద సారూ."

"రావు. అయినా చూస్త."